నిన్న పక్కింట్లో ఏం వండారు?

మేడ మీద టాంజానియా

కొందరు విమానమెక్కి విదేశాలకు వెళ్తారు. నా విషయంలో విదేశమే రెండు సూట్‌కేసులతో ఆటోలో వచ్చి, గుడివాడలో మా మేడ మీద పోర్షన్‌లో అద్దెకు దిగింది. పేరు నీమా. వయసు ఇరవై మూడు. టాంజానియాలో మ్వాంజా అనే ఊరు, పెద్ద సరస్సు ఒడ్డున ఉంటుందట. మా ఊరికి దగ్గర్లో ఉన్న ఓ కాలేజీలో ఆహారశాస్త్రం చదువుతోంది. తిండి గురించి చదువుకోవడానికి సముద్రాలు దాటి గుడివాడ దాకా రావాలా అని మొదట అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, తిండి గురించి చదవాలంటే ఇంకెక్కడికి వెళ్తారని గర్వం వచ్చింది.

వచ్చిన వారంలోనే ఆ అమ్మాయిని చూడ్డానికి మా వీధివాళ్లు వేలల్లో వచ్చారు. వీధిలో ఉన్నవి పద్నాలుగు ఇళ్లే అనుకోండి. అయినా వేలల్లోనే వచ్చారు. నీమా పొద్దున కాలేజీ బస్సు ఎక్కడానికి వీధి చివరికి వెళ్లేలోపు పది మంది "తిన్నావామ్మా?" అని అడిగేవాళ్లు. ఆ అమ్మాయి ఆగి, ప్రతి ఒక్కరికీ రెండు ఇడ్లీలు, కొబ్బరి పచ్చడి, సగం అరటిపండు అని వివరంగా చెప్పేది. రోజూ బస్సు తప్పిపోయేది. ఇది ప్రభుత్వం చేయిస్తున్న లెక్క కాబోలు అనుకుందట. మా ఆవిడే ఓ రోజు కూర్చోబెట్టి, "తిన్నావా అంటే తిన్నానండీ అనాలి, అంతే. తిన్నా తినకపోయినా" అని చెప్పింది.

"మా ఊళ్లోనూ అంతేనండీ" అంది నీమా. వాళ్ల దగ్గర 'హబారి?' అని అడుగుతారట. ఏంటి విశేషాలు అని. ఇంట్లో, ఒంట్లో, పొలంలో, పనిలో ఎలా ఉందని వరసగా అడుగుతారు. అన్నిటికీ 'న్జూరి', అంటే బాగుంది, అనాలి. ఇల్లు కాలిపోతున్నా ముందు బాగుంది అనేసి, ఆ తర్వాతే నీళ్ల బకెట్ అడగాలి.

రెండేళ్లలో నీమా మా ఆవిడ దగ్గరే తెలుగు నేర్చుకుంది. అందువల్ల అందర్నీ అండీ అంటుంది, కాకిని కూడా. నన్ను బాబాయ్ గారూ అంటుంది. మొక్కజొన్న పిండితో ఉగాలి అని గట్టి ముద్ద వండి మాకు పెడుతుంది. మా ఆవిడ అందులో ఆవకాయ నంజుకుంటుంది. పక్కింటి రాజ్యలక్ష్మి గారైతే వాసన చూసి, ఉగాలికి నీళ్లు ఎక్కువయ్యాయో తక్కువయ్యాయో గోడ అవతల నుంచే చెప్పేస్తారు. ఆవిడ వంటింటి కిటికీ మా పెరట్లోకి తెరుచుకుంటుంది. ఆ కిటికీని మూసి ఉండగా చూసిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు.

మొన్న ఏప్రిల్ చివర్లో నీమా మేడ మెట్ల మీద దిగులుగా కూర్చుంది. చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ముప్ఫై ఇళ్లకు వెళ్లి, నిన్న ఏం తిన్నారు, ఎంత తిన్నారు అని అడిగి ఫారాలు నింపాలి. ఒకసారి నింపి ఇచ్చింది కూడా. గైడ్ మేడం చూసి, "ఇది సర్వే కాదు, పెళ్లి భోజనాల పట్టిక" అని తిరగ్గొట్టేసింది. గురువారం పొద్దున పదింటికల్లా ముప్ఫై నిజమైన ఫారాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఈ ఏడు డిగ్రీ లేదు. స్కాలర్‌షిప్ జూన్‌తో ఆఖరు. డిగ్రీ లేకుండా విమానం ఎక్కాలి.

నాకు కారు ఉంది. దాని వయసు నీమా వయసంత. ఆదివారం బయల్దేరదామన్నాను. మా ఆవిడ పులిహోర కట్టిచ్చి, నాకు మాత్రం ఒకే ఒక్క మాట చెప్పింది. "స్వీట్లు ముట్టుకోవద్దు." ఫిబ్రవరిలో మా డాక్టరు నా రక్తపరీక్ష చూసి, ఇంత చక్కెర ఉంటే లైసెన్సు తీసుకోవాలన్నాడు. అప్పటినుంచి మా ఇంట్లో పంచదార డబ్బా ఎక్కడుంటుందో నాకు తెలియదు.

ఆదివారం: బంటుమిల్లి

బంటుమిల్లి వైపు ఒకపక్క వరిచేలు, ఒకపక్క చేపల చెరువులు. రోడ్డు మధ్యలో ఎలాగో ఇరుక్కుని ఉంటుంది. మా కారు వెళ్తుంటే కొంగలు లేవలేదు. దాని వేగం మీద వాటికో అంచనా ఉన్నట్టుంది.

మొదటి ఇల్లు వీరరాఘవయ్య గారిది. పదెకరాల వరి, నాలుగెకరాల చెరువు, మీసం ఇంకో ఎకరం ఉంటుంది. టాంజానియా నుంచి వచ్చిన అమ్మాయి అనగానే ఆయన లోపలికి వెళ్లి కండువా వేసుకొచ్చారు. నీమా ఫారం తీసి, నిన్న పొద్దుట్నుంచీ ఏం తిన్నారండీ అని అడిగింది. ఆయన గొంతు సవరించుకున్నారు. పొద్దున పెసరట్టు ఉప్మా, మధ్యాహ్నం మటన్, రొయ్యల వేపుడు, గుత్తి వంకాయ, సాయంత్రం బజ్జీలు, రాత్రికి చేపల పులుసు. నీమా పెన్ను పరుగెడుతోంది. నాకు నోట్లో నీళ్లూరి కారు తాళం తడిసింది.

వసారాలో నులక మంచం మీద ఆయన తల్లి పడుకుని ఉంది. కళ్లు తెరవకుండానే అంది.

"నిన్న శనివారం కదరా."

ఆ ఇంట్లో శనివారం నీచు వండరు. ఆమె కాపురానికి వచ్చినప్పటినుంచీ వండలేదు. వీరరాఘవయ్య గారి మీసం కాస్త దిగింది. మటన్ శుక్రవారమండీ, రాసుకోండి అన్నారు. నిన్న తిన్నదే కావాలండీ అంది నీమా. అయితే పప్పుచారేనండీ, కానీ అదేం రాస్తావమ్మా, మీ దేశంలో చదువుకుంటారు అన్నారు. పరాయి దేశం వాళ్లు చదివేదాంట్లో బంటుమిల్లి పప్పుచారు తిన్నదని ఉంటే జిల్లా పరువేం కావాలి. ఆయన బాధ నాకు అర్థమైంది. నేనైతే అందులో నెమలి మాంసం కూడా రాయించేవాణ్ని.

భోజనం చేయకుండా కదలనివ్వలేదు. అప్పటికప్పుడు కోడిని కోశారు. ఆకులో ముక్కలు గుట్టగా వడ్డించి, వాళ్లు తర్వాత తింటామన్నారు. నేను మొహమాటంతో నాలుగైదు ముక్కలు తిన్నాను. ఆ రోజు ఇంకో తొమ్మిది ఇళ్లు తిరిగాం. తొమ్మిదింట్లోనూ నిన్న మాంసం, చేప, పీత, రొయ్య. ఒకాయన జీడిపప్పు పాకం కూడా వేయించాడు. అది వాళ్ల కూతురి పెళ్లిలో తిన్నదట. పెళ్లయి ఆరేళ్లయింది.

సాయంత్రం బందరు చేరాం. మచిలీపట్నం అని బోర్డుల మీద ఉంటుంది, మేం మాత్రం బందరే అంటాం. రాత్రికి మా మరదలింట్లో దిగాం. నీమా ఫారాలు ముందేసుకుని ఒక్కో మనిషి రోజుకు ఎంత తిన్నాడో కూడింది. ఆ లెక్క ప్రకారం బంటుమిల్లి మండలం శనివారం మధ్యాహ్నానికే పగిలిపోయి ఉండాలి. మళ్లీ పెళ్లి భోజనాల పట్టికే వచ్చింది. ఆ అమ్మాయి పెన్నుకి మూత పెట్టేసింది. మ్వాంజా మార్కెట్‌లో వాళ్లమ్మ చేపలమ్మే కొట్టు ముందు డిగ్రీ పట్టా తగిలించడానికి ముందే మేకు కొట్టించి పెట్టిందట.

నాకు మనసు కరిగి ఓ సలహా ఇచ్చాను. ఎవరేం చెప్పినా రెండుతో భాగించు అన్నాను.

"ఎంతతో భాగించాలో ఎలా తెలుస్తుందండీ? బంటుమిల్లికి రెండు. గుడివాడకి మూడు. మీకైతే ఐదు."

రెండేళ్లుగా మా ఇంట్లో ఉండి ఆ పిల్ల వట్టి తెలుగే నేర్చుకుందనుకున్నాను.

ఆ బాధలో, టీ తాగొస్తానని చెప్పి బజారుకెళ్లాను. బందరులో మిఠాయి కొట్లు ఏ వీధిలో ఉన్నాయో మీరు అడగనక్కర్లేదు, కళ్లు మూసుకుని నెయ్యి వాసన పట్టుకుని నడిస్తే చాలు. కిలో బందరు లడ్డు కొన్నాను. ఇరుగుపొరుగు వాళ్లకని. డిక్కీలో స్టెప్నీ టైరు కింద భద్రంగా పెట్టాను. ఇరుగుపొరుగు వాళ్లకి ఇచ్చేవి టైరు కింద ఎందుకు దాచావని అడిగేవాళ్లు ఈ యాత్ర ఇక్కడితో చదవడం ఆపేయవచ్చు.

సోమవారం: చిలకలపూడి మీదుగా మంగినపూడి

పొద్దున చిలకలపూడిలో కాసేపు ఆగాం. రోల్డ్‌గోల్డ్ నగలకు పేరున్న చోటు. నీమా వాళ్లమ్మకి చెవిదుద్దులు చూసింది. నూట ఇరవై రూపాయలు. అంత బంగారం అంత చవగ్గా చూసి, ఇవి నిజం బంగారమేనా అండీ అని అడిగింది. కొట్టాయన నొచ్చుకున్నాడు.

"మేం నకిలీ అని చెప్పే అమ్ముతామమ్మా. మాలాంటి నిజాయితీపరులు బంగారం కొట్లలో కూడా ఉండరు."

ఈయన్ని నిన్న ఏం తిన్నారని అడుగు, నిజం చెప్పేలా ఉన్నాడు అన్నాను. అడిగింది. పనసపొట్టు కూర, కోడి పలావు అన్నాడు. లోపలినుంచి వాళ్లావిడ దగ్గింది. ఆ దగ్గులో పలావు లేదు.

మంగినపూడికి వెళ్లేసరికి ఎండ ముదిరింది. అక్కడ ఇసుక నల్లగా, మెత్తగా ఉంటుంది. నా చెప్పు ఒకటి అందులో దిగబడిపోయింది. ఇప్పటికీ భూమి మధ్యభాగం వైపు ప్రయాణిస్తూ ఉంటుందని నా నమ్మకం. చేపల వేట నిషేధం రోజులు కావడంతో బోట్లన్నీ ఒడ్డున ఒరిగి ఉన్నాయి. మగవాళ్లు నీడన కూర్చుని వలలు అల్లుకుంటున్నారు. ఇళ్ల ముందు పరదాల మీద, నిషేధానికి ముందు పట్టిన నెత్తళ్లు ఎండుతున్నాయి.

ఆ నెత్తళ్లను చూడగానే నీమా కారు పూర్తిగా ఆగకుండానే దిగిపోయింది. మా కారు వేగానికి అందులో ప్రమాదమేం లేదు. వాళ్ల సరస్సులో డగా అని ఇలాంటి చిన్న చేపే ఉంటుందట. ఊరంతా ఇలాగే ఎండబెడతారట. పరదా దగ్గర గొంతుక్కూర్చుని రెండు చేతులతో చేపల్ని తిరగేయడం మొదలెట్టింది. ఆ పని చేస్తున్న నాంచారమ్మ అనే ఆవిడ కాసేపు నోరు తెరిచి చూసి, తర్వాత తీరిగ్గా ఆ అమ్మాయికి చోటిచ్చి పక్కకు జరిగింది. నాంచారమ్మకు యాభై దాటి ఉంటాయి. నోట్లో పొగాకు, నడుంలో సంచి, గొంతులో మైకు.

మీ ఊళ్లో సముద్రం ఉందా అని అడిగింది. సరస్సండీ, అవతలి ఒడ్డు కనపడదు అంది నీమా. మా కొల్లేరంత ఉంటుందేమోలే అన్నాను నేను. జిల్లా పరువు నా ఒక్కడి మీదే ఉందాయె.

చేతులు కలిశాక మాటలు కలవడం ఎంతసేపు. నీమా ఫారం తీసి, నిన్న మధ్యాహ్నం ఏం తిన్నారండీ అంది. నాంచారమ్మ పొగాకు పక్కకి ఉమ్మి, ఠీవిగా చందువా పులుసు అంది. పక్కింటి ముందు దుర్గమ్మ వల ముడి వేసుకుంటోంది. తలెత్తకుండానే అందుకుంది.

"బోట్లన్నీ ఒడ్డునుంటే చందువా నడిచొచ్చిందా మీ ఇంటికి? నిన్న నువ్వు కాచింది చింతపండు చారు. పోపు మాడ్చావు. మా ఇంట్లో పిల్లి కూడా తుమ్మింది."

"నువ్వేం తిన్నావో నే చెప్పనా?" అని నాంచారమ్మ లేచింది. "పొద్దున చద్దన్నం, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం నెత్తళ్లు, వంకాయ. నాలుగు వంకాయలు. అందులో ఒకటి పుచ్చు, పెంట మీద పారేశావు. రాత్రికి అదే కూర వేడి చేశావు."

నేను భయపడి కారు వైపు రెండడుగులు వేశాను. నీమా మాత్రం కదల్లేదు. రెండు ఫారాలు తీసి, నాంచారమ్మ చెప్పింది దుర్గమ్మ ఫారంలో, దుర్గమ్మ చెప్పింది నాంచారమ్మ ఫారంలో రాసుకుంటోంది. రాయడం అయ్యాక ఒక్కొక్కరికీ వాళ్ల ఫారం చదివి వినిపించి, ఇందులో తప్పేమైనా ఉందా అండీ అని అడిగింది. తప్పుందనడానికి దుర్గమ్మ నోరు తెరిచింది. ఎదురుగా నాంచారమ్మ ఉంది. మూసుకుంది. కాసేపాగి, వంకాయలు నాలుగు కాదమ్మా, ఐదు అంది. నాంచారమ్మ కూడా పోపు మాడిన మాట ఒప్పుకుని, అయితే ఓ గుడ్డు కూడా ఉడకేశాం, అది దీనికి తెలియదు అంది. గుడ్డుకి వాసన రాదు కదా. ఇద్దరూ తమ తమ ఫారాల కింద వేలిముద్ర వేశారు.

నీమా లేచి నా వైపు చూసింది. ఆ మొహంలో వెలుగు చూస్తే ఆ రోజు బందరుకి కరెంటు అక్కర్లేదు.

"బాబాయ్ గారూ, మనం తప్పు ప్రశ్న అడుగుతున్నామండీ."

ఆ తర్వాత ఎనిమిది ఇళ్లు. ఏ ఇంటికి వెళ్లినా నమస్కారం పెట్టి, నిన్న పక్కింట్లో ఏం వండారండీ అని అడిగింది. నా యాభై మూడేళ్ల జీవితంలో మా వాళ్లు ఏ ప్రశ్నకూ ఇంత శ్రద్ధగా జవాబు చెప్పడం చూడలేదు. గిన్నె సైజు చెప్పారు. ఎన్ని గరిటెలు మిగిలాయో, అది ఎవరు తిన్నారో చెప్పారు. ఒకావిడ పక్కింటి కందిపప్పు ఎన్ని విజిల్స్‌కి ఉడికిందో చెప్పింది. కిట్టనివాళ్లు తక్కువ చేసి చెప్పకుండా కుడిపక్క ఇంట్లో ఒకసారి, ఎడమపక్క ఇంట్లో ఒకసారి అడగడం, చివరకు ఆ ఇంటివాళ్లకే చదివి వినిపించి సరిచేయించడం. ఇదీ నీమా పద్ధతి. చందువాలు మాయమయ్యాయి. చారు, చద్దన్నం, ఎండుచేప, కొత్తావకాయ ఒక్కొక్కటే గడప దాటి బయటికొచ్చాయి.

సోమవారం సాయంత్రం: మళ్లీ బంటుమిల్లి

ఆదివారం నింపిన పది ఫారాలూ ఎందుకూ పనికిరావు కాబట్టి, ఆ పది ఇళ్ల లెక్కా ఈ పద్ధతిలో మళ్లీ తీయడానికి కారు వెనక్కి తిప్పాం. ఈసారి వీరరాఘవయ్య గారింటికి కాకుండా ఎదురింటి కోటేశ్వరమ్మ గారింటికి వెళ్లాం. ఆవిడ అరుగు మీద మామిడికాయలు తుడుస్తున్నారు. నిన్న ఎదురింట్లో ఏం వండారండీ అని నీమా అడగ్గానే, ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు కత్తిపీట పక్కన పెట్టారు.

"కోడి కూర. మీ కోసమే కోశారు. ముక్కలన్నీ మీకే వడ్డించి, వాళ్లు తర్వాత పులుసు పోసుకుని తిన్నారు."

నీమా పెన్ను ఆగిపోయింది. అంటే ఆ ఇంటివాళ్లు నిన్న ఏం తిన్నారో తెలుసుకోవడానికి వెళ్లి, వాళ్లు తినాల్సింది మేం తినేసి వచ్చామన్నమాట. ఆ అమ్మాయి ముక్కలు ఎన్నండీ అని మెల్లగా అడిగింది.

"నువ్వు మూడు తిన్నావమ్మా. ఈయన పదకొండు."

నాలుగైదు అని పైన రాశాను కదా. కొట్టివేయడం నాకు ఇష్టం లేదు, అలాగే ఉంచుతున్నాను.

వీరరాఘవయ్య గారు తన ఫారం చదివించుకుని విన్నారు. పులుసు, అన్నం, మజ్జిగ. కండువా తీసి భుజం మార్చుకున్నారు. అతిథులు తిన్నారు కాబట్టి అది మేం తిన్నట్టే, అలా రాసుకోవడానికి ఏమైనా గడి ఉందా అమ్మా అని అడిగారు. అలాంటి గడి లేదండీ అంది నీమా. కానీ ఫారం అంచున చిన్న అక్షరాలతో ఏదో రాసింది. ఆయన సంతకం పెట్టారు. మంచం మీద నుంచి ఆయన తల్లి, ఇవాళేం వండారని ఎవరూ అడగరేం అంది. సొరకాయట.

మంగళవారం: దివిసీమ

బందరు నుంచి మొవ్వలో టిఫిను చేసి దివిసీమకు బయల్దేరాం. మొవ్వ దారిలో ఉందా అని పటం చూడకండి, ఇడ్లీ దారిలో ఉంది. పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ మీదుగా కాలువని వంతెన మీద నడిపించారు. కింద నది, పైన కాలువ. నీళ్ల మీద నీళ్లు వెళ్లడం చూసి నీమా పది ఫొటోలు తీసుకుంది. ఇది మా తాతలు చేత్తో కట్టారని చెప్పాను. ఆ అమ్మాయి పెదాలు కదిలాయి. ఐదుతో భాగిస్తోందని నాకు తెలుసు.

నాగాయలంక వైపు తొమ్మిది ఇళ్లు మధ్యాహ్నానికే అయిపోయాయి. అరటితోటల మధ్య సుశీలమ్మ గారని ఒకావిడ ఇల్లు. ఆవిడకీ పక్కింటి వెంకటరత్నం గారికీ ఎనిమిదేళ్లుగా మాటల్లేవు. ఆయన కొబ్బరిచెట్టు మట్ట ఈవిడ వడియాల మీద పడింది, అదీ గొడవ. పక్కింట్లో ఏం వండారో నాకేం తెలుసమ్మా, మేం వాళ్ల వైపే చూడం అన్నారు సుశీలమ్మ గారు. నీమా సరేనండీ అని లేవబోయింది.

"పొద్దున ఏం లేదు" అన్నారు ఆవిడ, అరటాకు తుడుస్తూ. "ఆయన భార్య ఊళ్లో లేదు. మధ్యాహ్నం జావ కాచుకున్నాడు. రాత్రి పొయ్యే వెలగలేదు. రెండ్రోజుల్నుంచీ పోపు వాసన లేదు. జ్వరమో ఏమో, ఆ మనిషి చెప్పడు."

ఆవిడ లోపలికి వెళ్లి గిన్నెడు మిరియాల చారు తెచ్చి నీమా చేతిలో పెట్టారు. నేనిచ్చానని చెప్పకు అన్నారు. నీమా ఆ గిన్నె పట్టుకుని పక్కింటికి వెళ్లి, వెంకటరత్నం గారికి ఫారం చదివి వినిపించింది. నిజంగానే జ్వరం. ఖాళీ, జావ, ఖాళీ. ఆయన సంతకం పెట్టి, చారు ఒక గుక్క తాగి, మిరియాలు ఎక్కువైనాయి, ఆవిడ చెయ్యి మారలేదు అన్నారు.

ఆ ఇంటి ముందు కారు బానెట్ మీద ఫారాలు సర్దుకుంటుండగా ఒక మేక వచ్చి ఒక కాగితం లాక్కుంది. నేను దానివెంట వంద మైళ్లు పరుగెత్తాను. అరటితోట దాటలేదు అనుకోండి. పట్టుకునేసరికి దాని నోట్లో మూల మాత్రమే మిగిలింది. ఖాళీ ఫారమేలెండి అని ఇద్దరం సమాధానపడ్డాం. దాన్ని కూడా నీమా మేక గారనే అంది.

బుధవారం, గురువారం: గుడివాడ

బుధవారమంతా నీమా మేడ మీద లెక్కలు వేసుకుంది. నేను కింద విశ్రాంతి తీసుకున్నాను. లడ్డు డబ్బాని టైరు కిందనుంచి పెరటి వసారాలో ఉన్న పాడైపోయిన వాషింగ్ మెషీన్‌లోకి మార్చాను. ఇరుగుపొరుగు వాళ్లకి ఇంకా ఇవ్వలేదు. తీరిక దొరకలేదు.

గురువారం పొద్దున ఏడున్నరకి నీమా మెట్లు దిగి వచ్చింది. మొహం పాలిపోయింది. మేక తిన్నది ఖాళీ ఫారం కాదు, మధ్యాహ్నం నింపినది. ముప్ఫైకి ఇరవై తొమ్మిదే ఉన్నాయి. పదింటికి ఇవ్వాలి. మళ్లీ దివిసీమ వెళ్లి రావడానికి మా కారుకి వారం పడుతుంది. ఇంకో ఇల్లు కావాలి. అదీ ఇప్పుడే.

ఇరవై నిమిషాల తర్వాత నేను కాఫీ తాగుతుంటే నీమా పక్కింటి గేటులోంచి వచ్చింది. చేతిలో నింపిన ఫారం. వెనకాలే రాజ్యలక్ష్మి గారు, గోడ దగ్గర నిలబడ్డారు. మా ఆవిడ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఇల్లు నంబరు ముప్ఫై, ఇంటి యజమానికి చదివి వినిపించాలండీ అంది నీమా.

పొద్దున రెండు ఇడ్లీలు. అది నిజం. నేను మా ఆవిడతో ఒకటే అని చెప్పి ఉన్నాను, పోనీ. మధ్యాహ్నం దొండకాయ వేపుడు, చారు, పెరుగు. సాయంత్రం టీ. రాత్రి చపాతీలు రెండు. ఆ తర్వాత నీమా ఫారంలోంచి తలెత్తలేదు. "మధ్యాహ్నం మూడింటికి, పెరట్లో, వాషింగ్ మెషీన్ పక్కన నిలబడి, బందరు లడ్డూలు. నాలుగు."

మా ఆవిడ నా వైపు చూసింది. ఆ చూపుకి నా రక్తంలోని చక్కెర అక్కడికక్కడే పాకం తీగలు సాగింది.

నాకు అబద్ధాలు కొత్త కాదు. ఆ క్షణంలో డజను తయారుగా ఉన్నాయి. మెషీన్ బాగుచేస్తున్నానని, లడ్డూలు చీమలకి పెట్టానని, రాజ్యలక్ష్మి గారికి శుక్లాలని. ఒక్కటి అన్నా ఫారం చెల్లదు. గోడ మీద గడియారం ఎనిమిది కొడుతోంది. నీమా పెన్ను నా వైపు చాచి నిలబడింది. ఎక్కడో సరస్సు ఒడ్డున ఒక కొట్టు ముందు మేకు ఖాళీగా ఉంది.

"సవరణలు ఏమైనా ఉన్నాయా బాబాయ్ గారూ?"

"ఉన్నాయమ్మా" అన్నాను. "నాలుగు కాదు. ఆరు. రెండు లోపల వంగి తిన్నాను, కిటికీలోంచి కనపడవు."

రాజ్యలక్ష్మి గారు గోడ అవతల నొచ్చుకున్నారు. ఆవిడ లెక్క తప్పడం అదే మొదటిసారి. నేను సంతకం పెట్టాను. నీమా ఫారాలు గుండెకు హత్తుకుని బస్సు కోసం పరుగెత్తింది. దారిలో ఎవరో తిన్నావామ్మా అని అడిగితే, తిన్నానండీ అని అరిచి వెళ్లిపోయింది. ఏమీ తినలేదు. కానీ ఆ రోజు బస్సు తప్పలేదు.

గైడ్ మేడం ముప్ఫై ఫారాలూ చదివి, చివరిదాని దగ్గర కాసేపు ఆగి, అన్నీ తీసుకున్నారట. జూన్‌లో పట్టా వచ్చింది. దాన్ని ఆ మేకుకి తగిలించి తీసిన ఫొటో నీమా మొన్ననే నా ఫోనుకి పంపింది. పట్టా పక్కన వాళ్లమ్మ నవ్వుతూ ఉంది, చెవులకు చిలకలపూడి దుద్దులు. చూసి, మా ఆవిడ బందరు నుంచి మళ్లీ లడ్డూలు తెప్పించి వీధంతా పంచింది. నాకు తప్ప.

ఇంతవరకు అటు వెళ్లని మీరు ఈ యాత్రలో నేను రాసినవన్నీ ఐదుతో భాగించుకుని చదువుకోండి, నాకేం అభ్యంతరం లేదు. లడ్డూలు మాత్రం ఆరే.